తొడుగు తీసిన మందు

"పేరు మార్చేయండి. తిలకం మా అమ్మ పెట్టదు. మా బాబాయి భార్య ప్రవీణా కాకి పెడుతుంది."

నిమేష్ ఫోనులో ఈ మాట అంటున్నప్పుడు అతని తల్లి జసూద్‌బెన్ బాత్రూమ్ తలుపు వెనకాలే ఉంది. మాట సరిగ్గా వినపడడం కోసం కుళాయి కట్టేసింది.

"ఒంట్లో బాగాలేదండీ. అవును, ఆ రోజు మీరూ చూశారుగా. పైగా రేపు గంటల తరబడి కూర్చోవాలి. ఆవిడ కూర్చోలేదు."

ఆ రోజు అంటే జసూద్‌బెన్ చెల్లెలి వీడ్కోలు సభ. చెల్లెలు చారు సంసారాన్ని వదిలి జైన సాధ్విగా దీక్ష తీసుకుంటోందని బంధువులంతా చేరితే, జసూద్‌బెన్ వేదిక మీదికెక్కి చెల్లెలి చెయ్యి పట్టుకుని, "అమ్మా, నన్నిక్కడ వదిలేసి పోకే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఎప్పుడో పోయిన తల్లి ఆమెకు చెల్లెలి ముఖంలో కనిపించింది. పట్టుకోబోయిన కోడలిని నువ్వెవరని అడిగింది. సాయంత్రానికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోతే, ఆస్పత్రిలో గొట్టం వేసి మూత్రం తీయించారు.

ఇప్పుడు ఆమె తల తేటగానే ఉంది. ఆ సంగతి నమ్మేవాళ్ళే ఇంట్లో లేరు.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"ఎవరు పెడతారన్నావు?"

నిమేష్ ఉలిక్కిపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "విన్నావా బా?" కొడుకూ కోడలూ ఆమెను బా అనే పిలుస్తారు.

"చెవుడు ఇంకా రాలేదు. వచ్చిందని కూడా ఎవరికైనా చెప్పేశావా?"

"బా, ఊరంతా వస్తుంది. నువ్వు మధ్యలో లేచి బాత్రూమ్‌కి పరుగెత్తితే? లేస్తే లేచావు, మళ్ళీ ఆ రోజులా ఏదైనా అంటే? రేపటి తర్వాత చారు మాసీ మనింటి మనిషి కాదు. చివరిసారి ఈ ఇంటివాళ్ళని చూసేటప్పుడు..."

"పిచ్చి అక్కని చూడకూడదు. అంతేగా?"

నిమేష్ కిటికీ వైపు తిరిగాడు. అహ్మదాబాదు పాత వాడల్లో కిటికీ తీస్తే ఎదురింటి కిటికీయే కనిపిస్తుంది. అక్కడ నిలబడి పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి గబగబా లోపలికి తప్పుకున్నాడు.

వంటింట్లోంచి కోడలు ఫాల్గుణి గొంతు వినిపించింది. "ఇవాళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాం కదా. ఆయనేమంటాడో విన్నాక మార్చొచ్చుగా?"

"మార్చేశాను."

"మీకు అన్నీ తొందరే."

"తొందర నాదా? ఈ ఇంట్లో తొందర ఎవరిదో అందరికీ తెలుసు."

అన్న మరుక్షణం అతను నాలుక కరుచుకున్నాడు. జసూద్‌బెన్ చీర కుచ్చెళ్ళు సరిచేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సంచీ తీసుకుంది.

*

డాక్టర్ దారూవాలా పార్సీ పెద్దాయన. రోగి భయపడుతున్నకొద్దీ ఆయన హాస్యం పెరుగుతుంది.

"చెప్పండి బెన్, ఇవాళ ఏ వారం?"

"గురువారం. రేపు మా చెల్లెలి దీక్ష. మీ గోడమీద క్యాలెండరు మాత్రం పోయిన నెలది. చింపించండి."

డాక్టరు గోడకేసి చూసి, ఫాల్గుణికేసి చూసి, "బుర్ర పోయిందెవరికమ్మా? నాకా?" అన్నాడు.

ఫాల్గుణి చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆయన కాగితాలు తిరగేశాడు. నవ్వు కాస్త తగ్గింది. "నాకొకటి అర్థం కావడం లేదు. మూత్రపు తిత్తి అదుపు తప్పుతోందని నేనిచ్చింది రోజుకొక్క క్యాప్సూల్. దానికింత రభస జరక్కూడదు. ఎలా వేసుకున్నారు?"

"పొద్దున్నే."

"నీళ్ళతో మింగారు."

జసూద్‌బెన్ సంచీ పిడిని చూసుకుంది.

"మింగలేదా?"

"తొడుగు విప్పేసి, లోపలి గింజలు కల్వంలో నూరి, పటికబెల్లంతో కలిపి వేసుకున్నాను."

ఫాల్గుణి కుర్చీలో ఇటు తిరిగింది.

"ఎందుకూ?"

"ఆ తొడుగు జంతువుల ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురుతో చేస్తారట. సాధ్వులుండే ఉపాశ్రయంలో సాధ్వీజీ చెబితే విన్నాం. నేలలోంచి తవ్విన దుంప కూడా తినను నేను, ఎముక ఎలా మింగుతాను డాక్టర్ సాబ్? ఆ ఖాళీ తొడుగులు చెత్తబుట్టలో వెయ్యడానికి కూడా మనసొప్పలేదు. బూడిదలో కలిపి దాచాను."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"బెన్, ఆ గింజల్లో ఒక్కోదానికీ పైన పూత ఉంటుంది. పొద్దున వేసుకుంటే మర్నాటిదాకా కొంచెం కొంచెంగా కరగాలని. మీరు ఆ పూత నూరేశారు. రోజంతా రావలసింది ఒక్క గుటకలో వచ్చింది. నెలకి తెచ్చుకున్న నెయ్యి ఒక్క పూటలో తాగితే ఏమవుతుంది?"

"ఆ రోజు రెండు వేసుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "సభలో మధ్యలో లేవకూడదని."

ఆయన కలం మూసి పక్కన పెట్టాడు.

"ఆ మందు తిత్తిని ఊరికే బిగుసుకోవద్దంటుంది. మోతాదు మించితే అసలు పనే చెయ్యొద్దంటుంది. నోరెండుతుంది. కళ్ళు మసకేస్తాయి. ఈ వయసులో మనసు కూడా మసకేస్తుంది. మీ కోడలు ఎవరో, మీ అమ్మ ఎవరో..." అని ఆగాడు. "సూర్యుడు దిగాక మీరు మంచినీళ్ళు కూడా ముట్టరు కదా. నోరెండిపోతే ఏం చేశారు?"

"మూసుకున్నాను."

దారూవాలా పెద్దగా నవ్వబోయి మానేశాడు. "ఈ ఊళ్ళో వైద్యం చేస్తూ ముసలివాణ్ణయ్యాను. మీవాళ్ళకి మందు రాసేటప్పుడు తొడుగు సంగతి నేనే అడగాలి. సగం తప్పు నాది."

"అయితే బా బుర్రకి..." ఫాల్గుణి మాట పూర్తిచేయలేకపోయింది.

"నీకంటే నాకంటే బాగుంది."

ఆయన రక్తపోటు చూశాడు. పొత్తికడుపు నొక్కి చూశాడు. వేరే రకం బిళ్ళ రాశాడు. "ఇది నోరు ఎండబెట్టదు, తలను తాకదు. తొడుగు లేదు. ఇందులో జంతువుది ఏమీ లేదని కంపెనీవాళ్ళ చేత రాయించి తెప్పించాను, మీలాంటి ఇంకో ఆవిడ పట్టుబడితే. కానీ దీన్ని కూడా నూరకూడదు, విరవకూడదు, నమలకూడదు. మీ కల్వం ఎవరికైనా ఇచ్చేయండి. రక్తపోటు మాత్రం అప్పుడప్పుడు చూపించుకోవాలి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది."

"నాకు రేపు కావాలి."

"రేపటికి నా దగ్గర మందు లేదు."

జసూద్‌బెన్ లేవలేదు. డాక్టరుకు ఆ కూర్చోవడం అర్థమైంది.

"సరే, వినండి. తోసుకొచ్చినప్పుడు మీరేం చేస్తారు?"

"పరుగెత్తుతాను."

"అదే వద్దు. పరుగెత్తేకొద్దీ అది తరుముతుంది. ఉన్నచోటే కూర్చోండి. ఆపుకునే కండరాన్ని గట్టిగా బిగించండి, వదలండి, మళ్ళీ బిగించండి. మనసుని దేనిమీదైనా నిలబెట్టండి. అది అల లాంటిది. నెత్తికెక్కుతుంది, దానంతటదే దిగుతుంది. దిగాక లేచి, నడిచి వెళ్ళండి."

"నవకార మంత్రం మీద నిలబెట్టొచ్చా?"

"కదలకుండా కూర్చోవడం గురించి నేను మీకు చెప్పాలా బెన్? చిన్నప్పటి నుంచీ మీరు నేర్చుకున్నదే అది."

*

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఫాల్గుణి మందులచీటీ మడతపెడుతూ అత్తగారి వేళ్ళనే చూస్తోంది. జసూద్‌బెన్ అలవాటు చొప్పున దారిలో తనకు తెలిసిన బాత్రూమ్‌లన్నీ చూసుకుంటూ కూర్చుంది. నగల కొట్టు వెనక ఒకటి. బ్యాంకులో ఒకటి, కానీ తాళం గుమాస్తా దగ్గర ఉంటుంది. గుడి ధర్మశాలలో ఒకటి. కొన్నేళ్ళుగా ఈ ఊరు ఆమెకు ఇలాగే గుర్తు.

"బా, మీరు జాకెట్టు హుక్కు నాచేత పెట్టించుకుంటారు."

"అయితే?"

"ఆ వేళ్ళతో క్యాప్సూల్ ఎలా విప్పారు?"

జసూద్‌బెన్ బయటికి చూసింది.

"మాసీ విప్పింది కదూ?"

"చిన్నగా మాట్లాడు. ఆటో అతను వింటాడు."

"ఆయన వింటే ఏమయ్యింది? వినాల్సిన మనిషి ఇంట్లో ఉన్నాడు. మాసీ నూరిందని చెబితే మీ అబ్బాయి..."

"చెప్పకు."

"చెప్పకపోతే మీకు మతి పోయిందనే అనుకుంటారు!"

"అనుకోనీ." జసూద్‌బెన్ కోడలి చెయ్యి పట్టుకుంది. "అది రోజూ పొద్దున్నే లేచి, నా పాపం తన మీద వేసుకున్నట్టు ఆ తొడుగులు విప్పింది. రేపు అన్నీ దులుపుకుని పోవలసిన మనిషి. మా అక్కని ఈ చేతుల్తోనే ఆస్పత్రి పాలు చేశానన్న మాట మూటగట్టుకుని పోవాలా?"

"మరి తిలకం?"

జసూద్‌బెన్ కోడలి చెయ్యి వదిలేసింది.

తిలకం ఒక్క నిమిషం పని. దీక్ష తీసుకునే మనిషి తెల్లబట్టలు కట్టుకోవడానికి లేచేముందు, ఇంటివాళ్ళలో ఒకరు నుదుట బొట్టు పెట్టి పంపుతారు. ఆ తర్వాత ముట్టుకోవడానికి ఉండదు. చెల్లెలని పిలవడానికీ ఉండదు. ఆ ఒక్క నిమిషం ఎప్పుడొస్తుందో ముందుగా ఎవరూ చెప్పరు. అప్పటిదాకా కూర్చుని ఉండాలి.

జసూద్‌బెన్ అలాంటి నిమిషం ఒకటి ఇదివరకే పోగొట్టుకుంది. భర్త ఆఖరి రోజున ఆస్పత్రిలో ఆయన మంచం పక్కనే పగలంతా కూర్చుంది. ఆపుకోలేక వరండా చివరిదాకా వెళ్ళి వచ్చింది. వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. "మిమ్మల్నే ఏదో అడిగారు" అంది నర్సు. ఏమడిగాడో ఆమె కనుక్కోలేదు. కనుక్కోవడానికి ఇప్పటికీ ధైర్యం చాలలేదు.

*

సూర్యుడు దిగకముందే భోజనాలు కానివ్వాలి. చారు ఉపాశ్రయం నుంచి రెండు చేతులకూ గోరింటాకుతో వచ్చింది. పెళ్ళి చేసుకోకుండా బడిలో లెక్కలు చెప్పి, బావ పోయినప్పటి నుంచీ అక్కకు తోడుగా ఈ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. అరవై దాటాక చేతులకు మొదటిసారి గోరింటాకు.

"చూడు మోటీబెన్, ఆరేదాకా ముక్కు దురద పెట్టినా గోక్కోవద్దన్నారు. మోక్షం కన్నా కష్టంగా ఉంది." అక్కను చారు ఎప్పుడూ మోటీబెన్ అనే పిలుస్తుంది.

"నోరు తెరు. మాటలు తర్వాత."

జసూద్‌బెన్ రొట్టె తుంచి, పెసరపప్పులో ముంచి పెట్టింది. ఇంట్లో ఆఖరి భోజనం.

నిమేష్ కంచం ముందు కూర్చుంటూ అడిగాడు. "డాక్టరేమన్నాడు?"

"బా బుర్రకి ఏమీ కాలేదట." ఫాల్గుణి అత్తగారిని చూడకుండా చెప్పింది. "మందు ఎక్కువైంది. తొడుగు తీసి, నూరి వేసుకున్నారట. అలా నూరకూడదట."

"నూరడమేమిటి? ఎవరు నూరారు?"

"నేనే." జసూద్‌బెన్ ఇంకో ముక్క తుంచింది.

చారు నోటిలోది నమలడం ఆపింది.

అక్క వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, ఒకదాని మీదికొకటి వాలి ఉన్నాయి. రొట్టె ముక్కను పట్టుకోవడానికే బొటనవేలు రెండుసార్లు తడుముకుంది. చారు ఆ వేళ్ళనే చూస్తోంది.

"మోటీబెన్, నీకు ఊరగాయ సీసా మూత తీయడం కూడా చేతకాదు."

ఎదురింట్లో ఎవరో కంచాలు కడుగుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపించింది.

ఇంకొక్క అబద్ధం చాలు. ఆ రోజు నీకు తెలియకుండా పనిమనిషి చేత ఇంకో రెండు నూరించానంటే చారు నమ్మి, తప్పు తనది కాదని తేలిగ్గా పడుకుంటుంది. ఆ మాట జసూద్‌బెన్ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆ వరండా గుర్తొచ్చింది. ఏమడిగాడో తెలియకుండా ఇన్నేళ్ళు గడిపింది తను. చెల్లెలు కూడా గుమ్మం దాటి ఊరూరా నడుస్తూ, అక్క నాతో అన్నది నిజమేనా అని తిరగేసుకుంటూ ఉంటుంది.

"నువ్వే నూరావు," అంది. "రెండోది నేనడిగాను. నువ్వు వద్దన్నావు. నేను మొండికేశాను. ఇందులో ఎవరికెంత అని పంచుకోవడానికి మనం దాయాదులం కాదు."

చారు లేచి నిలబడింది. గోరింటాకు చేతులు ముందుకు చాపి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకుంది.

"చచ్చిన ఎముక మీద జాలిపడ్డాను. బతికున్న అక్క మీద పడలేదు."

"చారూ..."

"రేపు నేను వెళ్ళను."

"మాసీ!" నిమేష్ కంచం తోసి లేచాడు. "గురువులు వచ్చేశారు. పందిరి వేశారు. ఊరేగింపు కూడా అయిపోయింది. ఇప్పుడు వెళ్ళనంటే?" భార్య మీదికి తిరిగాడు. "ఈ మాట ఇవాళే చెప్పాలా నువ్వు? ఎల్లుండి చెబితే ఏం పోయేది?"

"ఎల్లుండి దాకా మీ అమ్మని పిచ్చిదానిగా ఉంచుతారా? అడిగింది మీరు. నేను చెప్పాను."

"అడిగినవన్నీ చెప్పేస్తావా నువ్వు!"

"పిల్లలూ, ఆపండి." జసూద్‌బెన్ చెయ్యి కడుక్కుంది. "ఫాల్గుణీ, ఇసుక గడియారం పట్రా. రెండు ఉన్ని ఆసనాలు పరుచు."

"బా, ఇప్పుడు సామాయికమా?" నిమేష్ నమ్మలేనట్టు చూశాడు. సామాయిక ధ్యానానికి కూర్చుంటే గాజుబుడ్డిలో ఇసుక పైనుంచి కిందికి పూర్తిగా జారేదాకా లేవకూడదు. ముప్పావు గంట పైమాటే. "ఆర్నెల్లుగా ఒక్కటి కూడా పూర్తి చెయ్యలేదు నువ్వు. కూర్చోలేవు."

"నువ్వు అక్కడే నిలబడి చూడు. చారూ, కూర్చో. ఇసుక అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడం. అయ్యాక కూడా వెళ్ళనంటావా, నేను బతిమాలను."

చారు కాసేపు నిలబడే ఉండి, తర్వాత కూర్చుంది.

జసూద్‌బెన్ గడియారం తిరగేసింది.

మొదట్లో బాగానే ఉంది. వెలుతురు కిటికీలోంచి నేలమీదికి, నేలమీంచి గోడమీదికి ఎక్కింది. పెదవులు కదపకుండా నవకారం చెప్పుకుంది. అరిహంతులకు నమస్కారం, సిద్ధులకు నమస్కారం. చారు కళ్ళు మూసుకుంది గానీ చెంపల మీంచి నీళ్ళు జారుతూనే ఉన్నాయి. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

ఇసుక సగం జారేసరికి వచ్చింది.

ఎప్పుడూ వచ్చేటట్టే వచ్చింది. చెప్పకుండా, గుమ్మం తన్నుకుని. తొడలు చల్లబడ్డాయి. మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. బాత్రూమ్ తలుపు ఎంత దూరమో, దారిలో ఎవరున్నారో కళ్ళు అప్పుడే చూసేశాయి. నిమేష్ అది గమనించి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆమె లేవలేదు. బిగించింది. వదిలింది. మళ్ళీ బిగించింది. ఇది అల, అని చెప్పుకుంది. నెత్తికెక్కుతుంది. ఎక్కింది. చెవుల్లో హోరు పుట్టింది. వరండా కనిపించింది, దాని చివర పచ్చ తలుపు. లేచి వెళ్ళి రా, ఒక్క నిమిషమేగా, అంటోంది వరండా. ఒకసారి విన్నాను నీ మాట, అనుకుంది జసూద్‌బెన్. చాలు.

దిగింది.

నిజంగానే దిగింది. ఆమె ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళు దాన్ని చూసి పరుగెత్తిందే తప్ప, వెనక్కి తిరిగి దాని ముఖం ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఇంకోటి వచ్చింది, మొదటిదానికన్నా చిన్నది. దాన్ని కూడా కూర్చునే సాగనంపింది.

గింజ గింజా జారి, పైబుడ్డి ఖాళీ అయ్యింది. ముగింపు పాఠం చెప్పుకున్నారు. ఎవరూ లేవలేదు.

ముందు చారు లేచింది. ఎండిన గోరింటాకు పెళ్ళలుగా రాలుతుంటే దేవుడి అలమరా దగ్గరికి వెళ్ళి, వెండి గిన్నె తెచ్చి అక్క ఒడిలో పెట్టింది. గిన్నె అంచు మీద ఎర్రటి వేలిముద్ర పడింది.

"పొద్దున్నే కుంకుమపువ్వు అరగదీయి. పల్చగా వద్దు, కళ్ళలోకి కారుతుంది."

"అంటే?"

"నువ్వు పెడితే లేస్తాను. ఉపాశ్రయంలో అన్నట్టు ప్రవీణ వచ్చి పెడితే, అందరి ముందూ అక్కడే కూర్చుంటాను." అక్క కొడుకు వైపు చూడకుండా అంది. "లెక్కల టీచర్ని. రెండు దారులూ చెప్పేశాను."

అప్పుడే నిమేష్ జేబులో ఫోను మోగింది. అతను తీసి చూసి, తల్లికేసి చూశాడు.

"ప్రవీణా కాకి. రేపటికి కొత్త చీర కూడా కొనుక్కుందట." ఫోను ఎత్తకుండా తల్లి వైపు తిప్పాడు. "అందరికీ చెప్పుకుని ఉంటుంది బా. ఇప్పుడు వద్దంటే బాబాయిగారి వాళ్ళు మన గడప తొక్కరు. ఏం చెప్పమంటావు?"

ఫోను మోగుతూనే ఉంది. ఫాల్గుణి గుమ్మంలో చేతులు కట్టుకుని భర్తనే చూస్తోంది.

జసూద్‌బెన్ గోడ పట్టుకుని లేచింది. గిన్నెను చెల్లెలికి ఇవ్వలేదు, కోడలికి ఇవ్వలేదు. చంకలో పెట్టుకుంది.

"పొద్దున నాకు చెప్పి చేశావా? ఇది కూడా నువ్వే తేల్చుకో."

బాత్రూమ్ వైపు వెళ్ళింది. పరుగెత్తలేదు. వాడ మొత్తం ఆమె కోసం ఆగి ఉన్నట్టు, చెప్పులు వేసుకుని, దీపం వేసుకుని, నడిచి వెళ్ళింది.

తలుపు వేసుకుంటుంటే వెనక ఫోను మోత ఆగింది. "కాకీ..." అన్నాడు నిమేష్. "రేపటి తిలకం సంగతి..." అని మొదలుపెట్టాడు.

జసూద్‌బెన్ వెండి గిన్నెను గూట్లో జాగ్రత్తగా పెట్టి, పొద్దున వినడానికి కట్టేసిన కుళాయిని పూర్తిగా తిప్పింది.